కోస్తే తెగే ఉంగరమే కావాలన్నాను

మా క్యాజువాలిటీలో డ్రెస్సింగ్ ట్రాలీ కింది అరలో చిన్న స్టీలు డబ్బా ఒకటి ఉంటుంది. అందులో ఉండేది ఉంగరాలు కోసే పరికరం. చూడ్డానికి డబ్బా మూతలు తీసే ఓపెనర్‌లా ఉంటుంది. నాలుకలాంటి సన్నటి రేకును ఉంగరానికీ వేలికీ మధ్య దూర్చి, పైనున్న పళ్ల చక్రాన్ని చేత్తో తిప్పుతూ పోతే లోహం తెగుతుంది. చర్మానికి ఆ రేకే అడ్డు. తొమ్మిదేళ్ల నర్సు ఉద్యోగంలో దాన్ని ఎన్నిసార్లు తిప్పానో లెక్కలేదు. అందుకే నా పెళ్లి ఉంగరం కొనడానికి వెళ్లినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి ప్రశ్న, "అవసరమైతే ఇది తెగుతుందా?" కౌంటర్ వెనకున్న కుర్రాడు అప్పుడు నన్ను చూసిన చూపును మా ఆయన ఇప్పటికీ నటించి చూపిస్తుంటాడు.

నేను రాసేది రెండు ఉంగరాల సంగతి. నాది 18 క్యారెట్ల పసుపు బంగారం, 4 మి.మీ. వెడల్పు, రాయిని పైకి తేలనివ్వకుండా లోహంలోకి దించేసింది. ఆయనది 950 ప్లాటినం, అంటే వెయ్యి వంతుల్లో 950 ప్లాటినమే, 5 మి.మీ. సాదా పట్టీ. నాలుగేళ్లుగా వాడుతున్నాం. కొన్న వారానికి రాసే రివ్యూల్లో మెరుపు తప్ప ఏమీ ఉండదు కాబట్టి ఇన్నాళ్లు ఆగాను.

మొదట వెళ్లింది పెద్ద షాపుకే. వెల్వెట్ ట్రేలు, పైనుంచి పడే తెల్లటి లైట్లు. ఆ లైట్ల కింద గాజుముక్క పెట్టినా వజ్రంలా మెరుస్తుందని నాకప్పుడు తెలీదు. ఏదైనా నచ్చితే ఒకసారి గుమ్మం దాకా తీసుకెళ్లి మామూలు పగటి వెలుగులో చూడండి. ఒప్పుకోకపోతే ఆ షాపులో కొనాల్సిన పనిలేదు.

మా ఆయనకు అక్కడ టంగ్‌స్టన్ కార్బైడ్ ఉంగరం ఒకటి తెగ నచ్చింది. ముదురు బూడిద రంగు, చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంది. కుర్రాడు తాళంచెవితో దాని మీద గట్టిగా గీకి చూపించాడు. గీతే పడలేదు. మా ఆయన మెకానిక్. రోజంతా స్పానర్లతో, ఇనుముతో పని. గీత పడని ఉంగరం అంటే ఆయనకు దేవుడు ప్రత్యక్షమైనట్టే.

నేను వద్దన్నాను. కారు తలుపులో వేలు నలిగి ఒకాయన మా దగ్గరికి వచ్చిన రాత్రి నాకు గుర్తుంది. వేలు వాచి ఊదారంగులోకి తిరుగుతోంది, దాని మీద ఇలాంటి ఉంగరమే. మా చక్రం పళ్లు అరిగిపోయాయి తప్ప ఉంగరం మీద గీటు కూడా పడలేదు. అది ఏ లోహమో ఆయనకూ తెలీదు, భార్య బహుమతిగా ఇచ్చిందట. చివరికి మా డాక్టరుగారికి తట్టింది. టంగ్‌స్టన్ కార్బైడ్ తెగదు, పగులుతుంది. బిగుసుకుపోయే పట్టుకారును ఉంగరం చుట్టూ పట్టించి, వదిలి, మర కొద్దిగా బిగించి మళ్లీ పట్టించి, అలా కొంచెం కొంచెంగా ఒత్తిడి పెంచుతూ పోతే టప్పున పగిలింది. గదిలో అందరం ఉలిక్కిపడ్డాం. ఆయన వేలు దక్కింది. అంటే ఆ ఉంగరం రాకుండా పోదు. కానీ అది ఏమిటో ఎదుటివాడు పోల్చుకునేదాకా పోయే నిమిషాలున్నాయే, వాటికి నాకు భయం. పైగా దాని సైజు మార్చడం కుదరదు. లావైతే కొత్తది కొనుక్కోవాల్సిందే.

టైటానియం నాకు అభ్యంతరం లేదు. దూదిలా తేలిక. ఘనపు సెంటీమీటరుకు నాలుగున్నర గ్రాములే, బంగారం 19 దాటుతుంది. చేతి చక్రంతో కోయాలంటే మాత్రం ఓపిక అయిపోతుంది, కరెంటుతో తిరిగే డిస్కు కావాలి. కోస్తున్నంతసేపూ అది వేడెక్కకుండా నీళ్లు పోస్తూ ఉండాలి. ఆ తేలికదనం మా ఆయనకే నచ్చలేదు. "పెట్టుకున్నట్టే లేదు, పారేసుకున్నా తెలీదు" అన్నాడు. ఆయన సంగతి తెలిసినదాన్ని కాబట్టి ఒప్పుకున్నాను.

ఆ షాపులోంచి మేం లేచి వచ్చేసింది మాత్రం తెల్ల బంగారం దగ్గర. బంగారానికి తెలుపు దానంతట అది రాదు, వేరే లోహం కలపాలి. కొందరు నికెల్ కలుపుతారు, కొందరు పల్లాడియం. పైన మెరుపు కోసం రోడియం పూత వేస్తారు. ఆ పూత వాడకాన్ని బట్టి ఏడాదికో రెండేళ్లకో అరిగి, కింద లేత పసుపు బయటపడుతుంది, మళ్లీ పూత వేయించాలి. అదంతా సరే. నాకు నికెల్ పడదు. జీన్స్ గుండీ తగిలిన చోట కూడా దద్దు లేస్తుంది. "ఇందులో ఏం కలిపారు?" అని అడిగితే కుర్రాడు "ప్యూర్ వైట్ గోల్డ్ మేడమ్" అన్నాడు. మళ్లీ అడిగాను. మళ్లీ అదే మాట. లోపలికి వెళ్లి మేనేజరుని తీసుకొచ్చాడు. ఆయన ఇంకొంచెం మంచి భాషలో అదే చెప్పాడు. ఏడాది పొడవునా నా చర్మానికి అంటుకుని ఉండే వస్తువులో ఏముందో చెప్పలేని చోట ఇంకేం కొంటాను? సైజు కొలిచి రాసిచ్చిన చీటీ మాత్రం పర్సులో పెట్టుకుని వచ్చేశాను.

రెండోది చిన్న దుకాణం. ముందు గదిలో అద్దాల బల్ల, వెనక గదిలో పనిచేసే చోటు. దాని యజమాని ఓ పెద్దాయన, ఉంగరాలు తనే చేస్తాడు. నా చీటీ చూసి, "ఎప్పుడు కొలిచారమ్మా?" అన్నాడు. పొద్దున పది గంటలకు, ఏసీలో. "దేంతో?" సన్నటి తీగలాంటి రింగుల గుత్తితో. చీటీ మడిచి నాకే ఇచ్చేశాడు.

సైజు గురించి ఆయన దగ్గర నేర్చుకున్నంత తొమ్మిదేళ్ల ఆసుపత్రిలో నేర్చుకోలేదు. చలికి వేలు సన్నబడుతుంది, వేడికీ నడకకీ ఉప్పుకీ పొంగుతుంది. సాయంత్రానికి పొద్దుటికంటే లావు. కుడిచేతి వాటం వాళ్లకు కుడి వేళ్లు కాస్త బొద్దుగా ఉంటాయి కాబట్టి ఎడమచేతి కొలత కుడిచేతికి పనికిరాదు. అన్నిటికంటే ముఖ్యం, సన్న రింగుతో కొలిచి వెడల్పు ఉంగరం చేయిస్తే బిగుతవుతుంది. వెడల్పు పెరిగేకొద్దీ చర్మం మీద పట్టు పెరుగుతుంది మరి. ఆయన 4 మి.మీ. వెడల్పున్న కొలత రింగులు తీశాడు. "ఇప్పుడొద్దు, డ్యూటీ దిగాక రండి" అన్నాడు. నైట్ డ్యూటీ చేసి, కాళ్లూ చేతులూ బరువెక్కి వెళ్లాను. చీటీలో లోపలి వ్యాసం 16.1 అని ఉంటే ఆయనకు 16.5 వచ్చింది. తేడా 0.4 మిల్లీమీటర్లు, అమెరికా కొలతలో అరసైజు. వినడానికి ఏమీ కాదు. ఆ 16.1 ఉంగరమే చేయించుకుని ఉంటే ఎండాకాలం మధ్యాహ్నాలు సబ్బు నురగతో కుస్తీ పడేదాన్ని.

సరిపోయిందో లేదో ఎలా తెలుసుకోవాలో కూడా ఆయనే చెప్పాడు. ఎక్కేటప్పుడు సులువుగా ఎక్కాలి, తీసేటప్పుడు కణుపు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. చెయ్యి కిందికి వేలాడదీసి గట్టిగా విదిలిస్తే కదలకూడదు. మా ఆయనకు ఇదే చిక్కొచ్చింది. ఏళ్ల తరబడి స్పానర్లు పట్టి కణుపులు లావెక్కాయి, కింద వేలు సన్నం. కణుపు దాటేంత ఉంగరం చేస్తే వేలి మొదట్లో గిరగిరా తిరుగుతుంది. లోపల, అరచేతి వైపు రెండు చిన్న పూసల్లాంటి బొడిపెలు వేయించాడు పెద్దాయన. కణుపు దాటి కూర్చున్నాక అవి వేలిని పట్టుకుంటాయి. మొదటి పదిరోజులూ ఏదో గుచ్చుకుంటోందని గొణిగాడు. తర్వాత మర్చిపోయాడు.

ఇక రాయి. నాకు పచ్చ కావాలని ఉండేది. చిన్నప్పటి నుంచీ ఆకుపచ్చ పిచ్చి. పెద్దాయన నా చేతుల వైపు చూశాడు. రోజుకు యాభైసార్లు కడుక్కున్న చేతులు. "పచ్చ రోజూ పెట్టుకునే ఉంగరానికి వద్దమ్మా. లాకెట్లో పెట్టుకో" అన్నాడు. పచ్చల్లో చాలావాటికి లోపల సన్నటి బీటలుంటాయి, అవి కనపడకుండా నూనె పట్టిస్తారు. వేడినీళ్లకూ డిటర్జెంటుకూ ఆ నూనె పోతుంది, రాయి మసకబారుతుంది. గట్టిదనంలో కూడా పదికి పచ్చ ఏడున్నర, ఎనిమిది మధ్య. కెంపు తొమ్మిది, వజ్రం పది. ముత్యం రెండున్నర, మూడు దగ్గరే ఆగిపోతుంది, పెళ్లి ఉంగరంలో ముత్యం పెట్టుకునేవాళ్ల ధైర్యానికి దండం.

నేను చేసే పనికి రాయి ఏదన్నదాని కంటే అది ఎలా కూర్చుందన్నది పెద్ద ప్రశ్న. నాలుగైదు కొక్కాల మీద పైకి లేచి నిలబడే రాయి చూడ్డానికి బాగుంటుంది, వెలుగు నలువైపుల నుంచీ దూరుతుంది. కానీ గ్లవ్ తొడిగిన ప్రతిసారీ ఆ కొక్కెం రబ్బరును చీరుస్తుంది. మా వార్డులో ఒకమ్మాయి ఉంగరం రాయిని అరచేతి వైపు తిప్పుకుని పనిచేసేది, ఓ రోజు పసిబిడ్డ చెంప గీరుకుపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన చేతుల శుభ్రత మార్గదర్శకాలు అసలు ఉంగరాలే వద్దంటాయి. మామూలు వార్డు పనిలో సాదా పెళ్లి ఉంగరాన్ని మాత్రం ఓర్చుకుంటాయి, ఆపరేషన్ థియేటర్లో అదీ కుదరదు. నాకు కావలసింది ఆ ఓర్పు పరిధిలో ఇమిడే రాయి.

పెద్దాయన పట్టీలోనే గుంట తొలిచి, రాయి పైభాగం లోహానికి సమంగా వచ్చేట్టు దించి, అంచు బంగారాన్ని చుట్టూ ఒత్తి మూసేశాడు. వేలితో రాస్తే నున్నగా ఉంటుంది, ఎక్కడా తట్టదు. అలా ఒత్తేటప్పుడు పడే దెబ్బలకు పచ్చలాంటివి పగిలిపోవచ్చు, అందుకే వజ్రం. 2 మి.మీ. గుండ్రటి రాయి, సుమారు 0.03 క్యారెట్. ల్యాబ్‌లో పెంచినది తీసుకున్నాను. అదీ కర్బనమే, అదే గట్టిదనం. గనిలోది కాదని చెప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు. ఇంత చిన్న రాయికి కట్, క్లారిటీ, కలర్ అంటూ పటాలు చూపించేవాళ్లను నమ్మకండి. కంటికి కనపడని తేడాకు విడిగా లెక్క కడుతున్నారన్నమాట.

ఇలా పొదగడంలో లోపం లేకపోలేదు. రాయి ఉన్నదాని కంటే చిన్నగా కనిపిస్తుంది. వెలుగు పైనుంచే కాబట్టి మిణుకుమనడమే తప్ప ధగధగ లేదు. పెళ్లిలో మా పిన్ని నా చెయ్యి పట్టుకుని, "రాయి ఏదే?" అని అడిగింది.

బంగారం 18 క్యారెట్లే ఎందుకంటే 24 వంతుల్లో 18 బంగారం, మిగతా ఆరు రాగీ వెండీ. లోపల 750 అని ముద్ర ఉంటుంది. 22 క్యారెట్లది, అంటే 916 ముద్రది, ఇంకా మెత్తన. మంచం పక్కనుండే రెయిలింగులు ఎత్తీ దించీ, ఆక్సిజన్ సిలిండర్లు దొర్లించీ చేసే పనిలో సన్నటి 22 క్యారెట్ల పట్టీ ఆరునెలల్లో కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. మా హెడ్ నర్సుది అలాగే ఉంది. మందం కూడా అడిగి చూసుకోండి. చాలామంది వెడల్పు చూస్తారు, మందం చూడరు. నాది 1.8 మి.మీ., నాలుగేళ్లకూ వంగలేదు. లోపలి అంచులు గుండ్రంగా చేయించుకున్నాను, కంఫర్ట్ ఫిట్ అంటారు. కింద తడి నిలవడం తగ్గుతుంది, తీయడమూ సులువు. దీనికి కొంచెం ఎక్కువ లోహం పడుతుంది. పడనివ్వండి.

మా ఆయన ప్లాటినం ఉంగరం ఆలస్యమైంది, మూడు వారాలు. ప్లాటినం కరగడానికి 1768 డిగ్రీలు కావాలి, బంగారానికి 1064 చాలు. పెద్దాయన దగ్గర ఆ సరంజామా లేదు, వేరే వర్క్‌షాపుకు పంపాడు. ఆ మాట ముందే చెప్పొచ్చు కదా! పెళ్లికి రెండు రోజుల ముందు చేతికొచ్చింది. నా గొణుగుడు అంతవరకే. అదే సైజు ఉంగరం 18 క్యారెట్ల బంగారంలో తూగేదానికంటే మూడోవంతు ఎక్కువ బరువు. ఆయనకు కావలసింది ఆ బరువే.

అయితే ఆ ఉంగరం పనిలో పెట్టుకోడు, పెట్టుకోనివ్వను. బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కూ బండి బాడీకీ మధ్య ఉంగరం తగిలితే కొన్ని క్షణాల్లో ఎర్రగా కాలుతుంది. వేలి చుట్టూ కంకణంలా పడిన కాలిన గాయాలకు నేను కట్లు కట్టాను. ఇక లారీ మీద నుంచి దూకేటప్పుడు ఉంగరం కొక్కేనికి చిక్కుకుంటే వేలికి ఏమవుతుందో ఇక్కడ రాయను. పొద్దున షెడ్డుకు వెళ్లేటప్పుడు సిలికాన్ బ్యాండు వేసుకుంటాడు. గట్టిగా లాగితే తెగిపోతుంది, కరెంటు పారదు. ఇప్పటికి నాలుగు మార్చాడు. ప్లాటినం సాయంత్రం ఇంటికొచ్చాకే. దాని మీద గీతలు పడ్డాయి, మెరుపు తగ్గి మబ్బురంగుకు వచ్చింది. గీత పడినప్పుడు ప్లాటినం పెద్దగా రాలిపోదు, పక్కకు జరుగుతుంది, మళ్లీ పాలిష్ పెట్టించుకోవచ్చు. ఆయన పెట్టించడు. "ఇప్పుడే బాగుంది" అంటాడు. టంగ్‌స్టన్ కోసం అంత గొడవ చేసిన మనిషేనా ఇతను అనిపిస్తుంది.

నా బంగారం మీదా సన్న గీతలే గీతలు. శానిటైజరుతో ఏమీ కాలేదు. బ్లీచింగ్ ద్రావణంతో మాత్రం జాగ్రత్తగా ఉంటున్నాను. క్లోరిన్ బంగారంలో కలిపిన మిగతా లోహాలను తినేస్తుంది. ఈత కొలనులోకి దిగేవాళ్లకూ ఇదే మాట. నెలకోసారి గోరువెచ్చటి నీళ్లలో నాలుగు చుక్కల గిన్నెల సబ్బు వేసి, పాత మెత్తటి టూత్‌బ్రష్‌తో తోముతాను. రాయి వెనక చిన్న కన్నం ఉంది, అందులోంచి వచ్చే మురికి చూస్తే మీరూ నెలకోసారి తోముతారు.

పోయిన ఏడాది వానలో మెట్ల మీద జారి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాను. నన్ను నా వార్డులోనే పడుకోబెట్టారు. వేళ్లు కళ్ల ముందే పొంగుతున్నాయి. దారంతో తీసే పద్ధతి ఒకటుంది. దారం కొసను ఉంగరం కిందినుంచి దూర్చి, కణుపు దాటేదాకా వేలిని బిగుతుగా చుట్టి, కింది కొస నుంచి విప్పుతూ పోతే ఉంగరం మెల్లగా నడిచొస్తుంది. విరిగిన చేతితో అది భరించలేకపోయాను. "కోసెయ్" అన్నాను. ట్రాలీ కింది అరలోంచి డబ్బా తీసింది మా జూనియర్.

చేయించేటప్పుడే నేను ఒక జాగ్రత్త తీసుకున్నాను. లోపల పెళ్లి తేదీ చెక్కించేటప్పుడు అరచేతి వైపు ఖాళీ వదలమన్నాను, ఎందుకంటే మేం కోసేది అక్కడే. సైజు మార్చేటప్పుడు స్వర్ణకారులు కోసేదీ అక్కడే. పెద్దాయన నవ్వి, ఇన్నేళ్లలో ఇలా అడిగిన పెళ్లికూతురు లేదన్నాడు. కానీ మా జూనియర్ చెయ్యి వణికి కాస్త పక్కగా కోసింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. రెండు పట్టుకార్లతో విప్పదీసి నా అరచేతిలో పెట్టింది. ఏడ్చింది ఆ పిల్ల, నేను కాదు.

ఏడు వారాల తర్వాత, వాపు పూర్తిగా పోయాక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ముందు భూతద్దంతో రాయి చూశాడు. ఉంగరాన్ని విప్పదీసినప్పుడు పొదిగిన రాయి వదులయ్యే ప్రమాదం ఉందట, నాది కదల్లేదు. వేలు మునుపటికంటే ఒక పిసరు లావెక్కింది. కోసిన చోట చిన్న బంగారు ముక్క చేర్చి, టంకం పెట్టి, 16.9 చేశాడు. బయటినుంచి చూస్తే ఎక్కడ అతికాడో నాకే తెలీదు. లోపల మాత్రం వెలుగు పక్కనుంచి పడితే రెండు సన్న గీతలు కనిపిస్తాయి, టంకం రంగు ఓ రవ్వ తేడా. దీన్ని లోపమనుకునేవాళ్లు అనుకోవచ్చు.

ఆ పక్కగా కోసిన కోతలో తేదీలోని చివరి అంకె పోయింది. 2021లో 1 ఉండాల్సిన చోట ఇప్పుడు కొత్త బంగారం నున్నగా ఉంది. నా ఉంగరం ప్రకారం మా పెళ్లి 202లో జరిగింది. మళ్లీ చెక్కి ఇస్తానని పెద్దాయన అప్పుడే అన్నాడు, పావుగంట పనట. మా ఆయన నెలకోసారి గుర్తు చేస్తాడు. ఆ పావుగంటసేపు వేలి నుంచి తీసి ఇవ్వడానికి నాకింకా తీరిక దొరకలేదు.